మూసిన తలుపుల వెనుక ఒక రైతు: విలియం మక్లే దినచర్య

మన పిల్లలు బడినుంచి తెచ్చుకొనే అమెరికా చరిత్ర పుస్తకాలను ఏ ఆదివారం మధ్యాహ్నమో తిరగవేస్తే వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, హామిల్టన్ ప్రతి పుటలోనూ ఎదురవుతారు. హామిల్టన్ కథ 2015లో సంగీత నాటకమై బ్రాడ్వే ఎక్కిన తర్వాత ఆ పాటలు రాని పిల్లవాడు మన ఇళ్ళలో కూడా అరుదు. విలియం మక్లే అన్న పేరు మాత్రం ఆ పుస్తకాలలో సాధారణంగా కనిపించదు. అతను పెన్సిల్వేనియా రాష్ట్రం తొలి సెనేట్‌కు పంపిన ఇద్దరు సభ్యులలో ఒకడు. రెండేళ్ళు కూర్చున్నాడు, చాలాసార్లు ఓడిపోయిన పక్షాన ఓటు వేశాడు, తిరిగి పొలానికి వెళ్ళిపోయాడు. అతను చేసిన పెద్ద పని ఒక్కటే: ప్రతి సాయంత్రం బసకు వచ్చి, ఆ రోజు సభలో ఎవరు ఏమన్నారో కాగితం మీద పెట్టాడు. ఆ కాగితాలే లేకపోతే ఈ దేశపు తొలి సెనేట్‌లో ఏ మాటలు నడిచాయో ఈనాడు మనకు తెలిసేది అతి కొద్ది. ఆ దినచర్యను మేము ఈ శీతకాలమంతా చదివాము. చదివిన కొద్దీ మెచ్చుకోలూ పెరిగింది, పేచీ కూడా పెరిగింది. ఆ రెండింటినీ పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మనిషి సంగతి. మక్లే 1737లో పెన్సిల్వేనియాలోని చెస్టర్ కౌంటీలో పుట్టాడు. 1758లో ఫ్రెంచివారి మీద డ్యూకేన్ కోటకు సాగిన దండయాత్రలో పాల్గొన్నాడు. 1760లో వకీలుగా పేరు నమోదు చేసుకున్నాడు. ఆ మీదట ఆ రాష్ట్రపు యజమానులైన పెన్ కుటుంబం తరఫున భూములు కొలిచాడు. 1769లో జాన్ హారిస్ కుమార్తె మేరీని పెళ్ళాడాడు. ఆ హారిస్ కుటుంబం పేరు మీదనే హారిస్‌బర్గ్ పట్నం వెలిసింది. 1772లో సస్క్వెహన్నా నది ఒడ్డున సన్‌బరీ ఊరికి గొలుసు పట్టి వీధులు గీసినవారిలో మక్లే ఒకడు. స్వాతంత్ర్య యుద్ధకాలంలో సైన్యానికి సరంజామా అందించే ఉద్యోగం చేశాడు. 1788 సెప్టెంబరు 30న పెన్సిల్వేనియా శాసనసభ తన ఇద్దరు సెనేటర్లను ఎన్నుకొంది. వర్తకుల తరఫున ఫిలడెల్ఫియా కోటీశ్వరుడు రాబర్ట్ మారిస్, వ్యవసాయదారుల తరఫున మక్లే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషువాడి ‘ఫార్మర్’ అన్న మాట చాలా వెడల్పైన దుప్పటి. దానికింద ఎవరైనా పడుకోవచ్చు. మన పల్లెలో అట్లా కుదరదు. పాలేరు వేరు, కౌలుదారు వేరు, సొంత అరక కట్టుకొనే రైతు వేరు, మోతుబరి వేరు, భూకామందు వేరు. పేరు చెప్పగానే ఎవరి కాళ్ళకు ఎంత బురద అంటిందో తెలిసిపోతుంది. ఆ లెక్కన మక్లేను మోతుబరికి పైన, జమీందారుకు కింద కూర్చోబెట్టాలి. వకాల్తా తెలిసినవాడు, భూముల హద్దులు తెలిసినవాడు, హద్దులు తెలియడంవల్ల భూములు సమకూర్చుకొన్నవాడు. దినచర్యలో అతను తనను తాను పల్లెటూరి మనిషిగా, పట్నం మర్యాదలు సరిపడనివాడుగా చూపుకొంటాడు. అది అబద్ధం కాదు, నిజమంతా కూడా కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకొని చదివితే ఆ పుస్తకం రుచి మారుతుంది.

దినచర్య 1789 ఏప్రిల్ 24న మొదలై 1791 మార్చి 3న ముగుస్తుంది. అప్పట్లో కాంగ్రెస్ న్యూయార్క్‌లోని ఫెడరల్ హాలులో కూర్చొనేది. 1790 డిసెంబరు నుంచి ఫిలడెల్ఫియాకు మారింది. ప్రతినిధుల సభలో ప్రేక్షకులకు చోటు ఉండేది, పత్రికలవారు మాటలు వ్రాసుకొనేవారు. సెనేట్ మాత్రం తలుపులు మూసుకొని సాగింది. తలుపులు తెరవాలని తీర్మానించింది 1794లో, తెరిచింది 1795 డిసెంబరులో. అంతకుముందు ఉన్న అధికార చిట్టాలో తీర్మానాలు, ఓట్లు తప్ప వాదం కనపడదు. మన సంఘాల మినిట్సు పుస్తకాలు చూసినవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు. మూడు గంటలు గొంతులు చించుకొన్న సమావేశానికి చివర మిగిలేది ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అన్న ఒక్క పంక్తి. ఆ పంక్తి వెనుక ఎవరు అలిగి లేచిపోయారో, ఎవరు ఎవరి చెవిలో గుసగుసలాడి ఓటు మార్పించారో వ్రాసేవాడు ఒకడుండాలి. సెనేట్‌కు ఆ ఒక్కడు మక్లే.

అతను వ్రాసిన మొదటి పెద్ద గొడవ బిరుదులను గురించినది. కొత్త దేశాధ్యక్షుణ్ణి ఏమని పిలవాలి? సెనేట్‌కు అధ్యక్షత వహిస్తున్న ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు ఈ ప్రశ్న ప్రాణసమానమైంది. బరువైన బిరుదు లేకపోతే ఐరోపా రాజులు మనల్ని లెక్కచేయరని అతని వాదం. సెనేట్ సంఘం ఒకటి కూర్చొని ‘మహాఘనత వహించిన’ అన్న తీరులో, స్వేచ్ఛకు సంరక్షకుడనే తోకతో సహా, ఒక పొడవాటి సంబోధన తయారుచేసింది. మక్లే దీన్ని రోజుల తరబడి ఎదిరించాడు. వాషింగ్టన్ ఉపన్యాసాన్ని చిట్టాలో ఇంగ్లండు రాజు ఉపన్యాసానికి వాడే విశేషణంతో వ్రాస్తే, లేచి ఆ మాట కొట్టివేయించాడు. మే 14 నాటికి సెనేట్ తగ్గింది. ప్రతినిధుల సభ అప్పటికే వాడుతున్న సాదా పేరే నిలిచింది. ఈనాటికీ ఈ దేశంలో అధ్యక్షుణ్ణి ‘మిస్టర్ ప్రెసిడెంట్’ అని పిలవడంలో మక్లే మొండితనానికి కొంత వాటా ఉంది. శ్రీశ్రీశ్రీలూ, మహారాజరాజశ్రీలూ మోసుకొచ్చిన మనకు ఇది చిన్న విషయంగా తోచదు. వేదిక మీద ఒకరి పేరు ముందు ఒక విశేషణం తగ్గితే ఎంత రాద్ధాంతమవుతుందో మనం ప్రతి ఉగాదికీ చూస్తూనే ఉన్నాం.

అన్నిటికన్నా మిన్న అయిన ఘట్టం 1789 ఆగస్టు 22 నాటిది. ఆ రోజు వాషింగ్టన్ స్వయంగా సెనేట్‌కు వచ్చాడు, వెంట యుద్ధశాఖ కార్యదర్శి నాక్స్. దక్షిణాది ఇండియన్ జాతులతో చేసుకోవలసిన ఒప్పందాల గురించి సెనేట్ ‘సలహా, సమ్మతి’ అప్పటికప్పుడు కావాలి. ఆడమ్స్ కాగితం చదువుతున్నాడు. వీధిలో బండ్ల చప్పుడుకు ఎవరికీ సరిగా వినపడలేదు. ప్రశ్నలు ఒక్కొక్కటిగా ఓటుకు పెట్టబోతుంటే సభ మౌనంగా ఉంది. ఎదురుగా కూర్చున్నది వాషింగ్టన్ కదా! అప్పుడు మక్లే లేచి, సంబంధించిన కాగితాలు చదివి వినిపించమన్నాడు. తర్వాత మారిస్ ఈ విషయాన్ని ఒక సంఘానికి అప్పగిద్దామన్నాడు. వాషింగ్టన్‌కు కోపం వచ్చింది, తాను వచ్చిన పనే చెడిపోతున్నదని అన్నాడు. చివరకు విషయం సోమవారానికి వాయిదా పడింది. సోమవారం అతను శాంతంగానే వచ్చి పని ముగించుకొన్నాడు గాని, అట్లా ఎదురుగా కూర్చొని సలహా అడగడానికి మళ్ళీ ఎన్నడూ రాలేదు. రాజ్యాంగంలోని ‘సలహా’ అన్న మాట ఆ తర్వాత ఎక్కువభాగం కాగితాల మీదనే నడిచింది.

ఈ ఘట్టాన్ని మక్లే వ్రాసిన తీరు చూడవలసిందే. వాషింగ్టన్ మీద అతనికి గౌరవం లేకపోలేదు. పదవీ స్వీకారం నాడు ఆ మహావీరుడు ఫిరంగుల ముందు వణకనంతగా ప్రసంగ పత్రం పట్టుకొని వణికాడని వ్రాసినప్పుడు ఎగతాళి కన్నా జాలి ఎక్కువ కనిపిస్తుంది. విందులో వాషింగ్టన్ బల్లమీద ఫోర్కుతో దరువు వేస్తూ కూర్చోవడం కూడా అతను చూశాడు, వ్రాశాడు. తర్వాతివారు పాలరాతిలో చెక్కిన మనిషిని ఇతను నెత్తురూ మాంసంతో చూశాడు. జెఫర్సన్ బట్టలు అతనికి చిన్నవైనట్లుండడం, ఒక తుంటి మీద ఒరిగి కూర్చోవడం, మాట ఒకచోట నిలవకపోవడం అన్నీ అతని కంటికి ఆనాయి. కొలతగాడి కన్ను అది. హద్దురాయి ఎక్కడుందో అక్కడే ఉందంటుంది.

అయితే ఆ కన్నే కొన్నిచోట్ల మసకబారింది. 1790 జనవరిలో హామిల్టన్ ప్రభుత్వ రుణాల మీద తన నివేదిక ఇచ్చాడు. యుద్ధకాలంలో సైనికులకూ రైతులకూ డబ్బుకు బదులు ఇచ్చిన పత్రాలకు పూర్తి విలువ చెల్లించాలి, రాష్ట్రాల అప్పులు కూడా కేంద్రమే నెత్తికెత్తుకోవాలి అన్నది అందులోని సారం. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఆ పత్రాలు అప్పటికే చాలావరకు సైనికుల చేతులు దాటి, విలువలో చిన్న భాగానికి వర్తకుల పెట్టెలలోకి చేరాయి. నివేదిక వస్తున్నదని ముందుగా పసికట్టినవారు దూరపు ఊళ్ళకు మనుషులను పంపి మిగిలినవి కూడా కొన్నారు. మొదట పత్రం పుచ్చుకొన్నవానికీ, తర్వాత కొన్నవానికీ సొమ్ము పంచాలని ప్రతినిధుల సభలో మాడిసన్ తెచ్చిన ప్రతిపాదన 1790 ఫిబ్రవరిలో 36-13 ఓట్లతో వీగిపోయింది. సెనేట్‌లో మక్లే ఈ పథకాన్ని మొదటినుంచి చివరివరకూ ఎదిరించాడు. సభ్యులలోనే పత్రాలు కొన్నవారున్నారని అనుమానించాడు. ఆ అనుమానంలో నిజముందని తర్వాతి చరిత్రకారులు చూపారు. చార్లెస్ బియర్డ్ 1927 ముద్రణకు ముందుమాట వ్రాసింది ఊరికే కాదు.

కాని న్యాయంగా చెప్పాలంటే హామిల్టన్ వైపు కూడా ఒక వాదముంది. మాట ఇచ్చిన కాగితానికి విలువ కట్టని దేశానికి రేపు ఎవరూ అప్పివ్వరు. చేతులు మారిన పత్రాల మొదటి హక్కుదారులందరినీ వెతికి పట్టడం కూడా తేలిక కాదు. ఆ పథకంవల్ల కొత్త దేశపు పరపతి నిలబడింది. మక్లే ఈ వాదానికి జవాబు చెప్పడు, చెప్పేవాడి మొహం మాత్రం వర్ణిస్తాడు. ఆడమ్స్‌ను కోతితో పోల్చడానికీ వెనుకాడలేదు. న్యూ ఇంగ్లండువారన్నా, దక్షిణాది ప్రభువులన్నా, న్యూయార్కువారన్నా అతనికి ఎప్పుడూ శంకే. మొదట్లో ఆ శంక కాపలాదారు చేతి లాంతరులా వెలుగిస్తుంది. రెండో ఏటికి అది ఇల్లంతా కమ్మిన పొగ అయింది. కీళ్ళవాతం, వాచిన మోకాలు, ఇంటి బెంగ — ఇవన్నీ ఆ పుటలలోనే ఉన్నాయి. నొప్పితో వ్రాసే మనిషి ఎదుటివాడికి సందేహలాభం ఇవ్వడు. అది మనకు అర్థమవుతుంది, కాని తీర్పుగా తీసుకోనక్కరలేదు.

ఇంకొక చిక్కు రాజధాని సంగతి. రాజధాని సస్క్వెహన్నా ఒడ్డున ఉండాలని మక్లే పట్టుదల. 1789 శరత్తులో అది దాదాపు జరిగినట్లే అయి తప్పిపోయింది. 1790 జులైలో పొటోమాక్ నదికి, మధ్యలో పదేళ్ళు ఫిలడెల్ఫియాకు ఖాయమైంది. వెనువెంటనే ఆగస్టులో రుణాల చట్టం కూడా నెగ్గింది. ఇది బేరమని మక్లే మండిపడ్డాడు, బేరమే. కాని సస్క్వెహన్నా ఒడ్డున భూములున్నవాడు తానేనన్న సంగతి అతని కోపంలో కలిసిపోతుంది. పొరుగువాడి పత్రంలో స్వార్థం చూసిన కన్ను తన పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. మేము దీన్ని కపటమనం. చాలామంది నిజాయితీపరులకు ఉండే జబ్బే ఇది: పరుల లాభం లాభంగా కనపడుతుంది, మన లాభం లోకహితంగా కనపడుతుంది.

ఇక మేము ఎక్కువగా వాదులాడుకొన్న చోటికి వస్తాం. ఆగస్టు 22 ఘట్టాన్ని మరొకసారి చూడండి. కాగితాలు చదవకుండా ఓటు వేయనన్న రైతు, అలిగిన అధ్యక్షుడు — మనం ఆ ఇద్దరినీ చూస్తూ, ఆ కాగితాలు ఎవరి గురించో మరచిపోతాం. అవి క్రీక్ మొదలైన జాతుల నేలల గురించి. వారిలో ఒక్కరూ ఆ గదిలో లేరు. మక్లే వీధులు గీసిన సన్‌బరీ దగ్గర అంతకుముందు షమోకిన్ అనే పెద్ద ఇండియన్ ఊరుండేది, డెలవేర్లు మొదలైనవారు అక్కడ కాపురముండేవారు. 1756లో అక్కడ అగస్టా కోట లేచింది. 1768 ఒప్పందంలో ఇరొక్వా జాతులవారు ఆ ప్రాంతాన్ని పెన్ కుటుంబానికి వ్రాసి ఇచ్చారు. నాలుగేళ్ళకు మక్లే గొలుసు వచ్చింది. యుద్ధకాలంలో 1778లో ఆ సరిహద్దు పల్లెలన్నీ దాడులకు జడిసి ఖాళీ అయ్యాయి, మక్లే కుటుంబం కూడా పారిపోయింది. ఆ మరుసటి ఏడు, దాడి చేసే ఇండియన్ దండులను గుర్రపు రౌతులతోనూ కుక్కలతోనూ వేటాడించాలని రాష్ట్రపు పెద్దలకు జాబు వ్రాసినవాడు ఈ మక్లేనే. బిరుదులలో రాచరికపు వాసన పసికట్టిన మనిషికి ఇందులో ఏ వాసనా తగలలేదు.

పొరపాటున మన పేరే తగిలించుకొన్న ఆ ‘ఇండియన్ల’ సంగతి మనకెందుకని మా చదువరులలో ఒకరు అడిగారు. మనం నిన్న గాక మొన్న వచ్చాం, ఆ పాపంలో మన పాలేమిటి? ప్రశ్న తోసివేయదగింది కాదు. కాని మనం ఈ దేశపు పౌరసత్వం పుచ్చుకొన్ననాడు బిరుదులు లేని అధ్యక్షుణ్ణి, తెరిచిన తలుపుల సెనేట్‌ను మనవిగా భావించాం. 1986నుంచి టెలివిజన్‌లో సెనేట్‌ను చూస్తూ ఇది మా ప్రభుత్వమని అంటున్నాం. ఆస్తి పంచుకొన్నవాడు అప్పు పంచుకోనంటే పెద్దమనుషులు ఒప్పుకోరు. మనం కొనుక్కొన్న ఇంటి దస్తావేజులో వెనుకకు వెనుకకు పోతే ఎక్కడో ఒక మక్లే గొలుసు తగులుతుంది. అది తెలిసి ఉండడం మనకు అవమానం కాదు. తెలియకపోవడమే కొంచెం నామోషీ.

ఈ పుస్తకం చదువుతుంటే మాకు ఏనుగుల వీరాస్వామయ్య గారు మాటిమాటికీ జ్ఞాపకం వచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఆయన 1830-31లో కాశీకి వెళ్ళివస్తూ దినదినం వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. బాటలు, పంటలు, ధరలు, మనుషుల తీరు — ఆయన కూడా చూసింది చూసినట్లు పెట్టారు. కాని ఆయన దారిన పోయే యాత్రికుడు, లోకం మీద కోపం లేదు. మక్లే ఒకే గదిలో రెండేళ్ళు ఇరుక్కున్నవాడు. ఒకరి పుస్తకంలో చల్లదనముంది, మరొకరి దానిలో సెగ ఉంది. అయినా ఇద్దరికీ ఒక సుగుణం సమానం: రేపు మరచిపోతానన్న భయంతో ఈరోజే వ్రాశారు. ఏళ్ళు గడిచాక తీరిగ్గా వ్రాసే ఆత్మకథలో మనిషి తనను సవరించుకొంటాడు. ఆ రాత్రే వ్రాసినవాడికి సవరించుకొనే వ్యవధి లేదు. మక్లే తప్పులు అతని పుస్తకంలోనే దొరకడానికి కారణం ఇదే. అతని మీద మేము మోపిన నేరాలకు సాక్ష్యం ఎక్కువభాగం అతనే ఇచ్చాడు.

చీట్లు తీసినప్పుడు మక్లేకు రెండేళ్ళ గడువే పడింది. 1791 మార్చి 3తో అది ముగిసింది. మద్యం మీద పన్ను వేసే చట్టం వచ్చిందీ ఆ చివరి రోజుననే. కొండలకు అవతలి రైతుకు ధాన్యాన్ని విస్కీగా కాచి అమ్మడం తప్ప గతి లేదనీ, ఈ పన్ను అక్కడ సాగదనీ మక్లే మొత్తుకొన్నాడు. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా తిరగబడింది. వాషింగ్టన్ పన్నెండు వేలకు మించిన సైన్యంతో కదలవలసి వచ్చింది. చివరి పుటలో మక్లే, ఎన్నడూ కుదురుగా కూర్చోలేకపోయిన చోటు విడిచిపోయేవాడి తృప్తితో ఆ భవనం వైపు ఒకసారి చూసి బయటపడతాడు. రాష్ట్ర శాసనసభ అతన్ని మళ్ళీ ఎన్నుకోలేదు. ఎవరిని ఎన్నుకోవాలో కూడా తేల్చుకోలేక ఆ స్థానాన్ని 1793 వరకు ఖాళీగా ఉంచింది.

తర్వాత అతను హారిస్‌బర్గ్ చుట్టుపట్ల తన సేద్యం చూసుకొన్నాడు. రాష్ట్ర శాసనసభలో మళ్ళీ కూర్చున్నాడు, కొంతకాలం కౌంటీ జడ్జీగా పనిచేశాడు, 1804 ఏప్రిల్ 16న పోయాడు. అతనితోపాటు సెనేట్‌కు వెళ్ళిన మారిస్ భూముల జూదంలో మునిగి, 1798నుంచి మూడేళ్ళు అప్పులవాళ్ళ జైలులో గడిపాడు. నది ఒడ్డున మక్లే కట్టిన రాతి ఇల్లు నిలిచి ఉంది. అందులో వకీళ్ళ సంఘం కార్యాలయం పెట్టుకొంది. రైతునని చెప్పుకొన్న ఆ వకీలుకు ఇది తగిన శాస్తో, తగిన సత్కారమో తేల్చడం మా వల్ల కాలేదు.

దినచర్య దాదాపు తొంభై ఏళ్ళు వంశంవారి దగ్గరే ఉండి, 1880లో కొంత, 1890లో మరింత సమగ్రంగా అచ్చయింది. 1890లో ప్రకటించిన ఎడ్గర్ మక్లే, ఈ దేశంలో ప్రజాపక్షానికి మూలపురుషుడు జెఫర్సన్ కాదు, మా మక్లేనే అన్నాడు. వంశాభిమానం అంతటిది. జెఫర్సన్ న్యూయార్క్ చేరక ముందే మక్లే ప్రతిపక్షంలో ఉన్న మాట నిజమే. కాని పక్షం కట్టాలంటే ఇంకొకరిని నమ్మాలి. అది మక్లేకు చేతకాలేదు. అతను ఒంటరి ఓటు, అంతే. 1988లో పండితులు పాఠం సరిచూసి టిప్పణులతో వేసిన ముద్రణ ఉంది. చదవదలచినవారు గ్రంథాలయంలో దానినే అడగడం మంచిది.

హైస్కూలుకు వచ్చిన పిల్లలున్న ఇళ్ళలో ఈ పుస్తకం కలిసి చదవమని మా మనవి. మహాపురుషుల బొమ్మలు చూసి పెరిగే పిల్లలకు, ఆ గదిలో మోకాలి నొప్పితో కూర్చొని, కాగితం చదవనిదే ఓటు వేయనన్న మనిషి ఒకడున్నాడని తెలియాలి. ఆ మనిషికే కనపడనివి కొన్ని ఉన్నాయని కూడా తెలియాలి. ఇక పెద్దవారికి ఇంకొక మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ‘ఏకగ్రీవంగా’ అని వ్రాసేముందు, ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో ఒక పంక్తి వ్రాయండి. ఓడినవాడి మాట కాగితం మీద ఉంటే, ఎప్పుడో ఒకనాడు ఎవరైనా దాన్ని చదువుతారు.